దిష్టి గడి

జూన్ 3, 2025

రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఉన్నాను. నాయనే సంతకం పెట్టి తీసుకున్నాడట. చేయి వణుకుతుంది కదా, సంతకానికే అయిదు నిమిషాలు పట్టిందట, పోస్ట్‌మన్ పాపం ఓపిగ్గా నిలబడ్డాడట. ఇదంతా వివరంగా చెప్పాడు గానీ కవరు ఎవరిదో మాత్రం చెప్పలేదు. దిండు కింద పెట్టుకుని కూర్చున్నాడు. రెండుసార్లు అడిగితే తీసి ఇచ్చాడు.

బాలసుబ్రమణ్యం సార్ లాయరు చేత పంపించిన నోటీసు. నగరిలో ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేశాను. చీరల అంచులు, కొంగులు కంప్యూటర్‌లో గీసి మగ్గానికి పంపే సాఫ్ట్‌వేర్ ఆయనది. కొనుక్కుని, ఏటేటా డబ్బు కట్టి వాడుకోవాలి. నేను బయటికొచ్చి ఏడేళ్లయింది. నాలుగేళ్లుగా నేనొకటి రాస్తున్నాను. దాని పేరు "పడుగు". ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏం రాశానో చూడొచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు.

నోటీసులో మూడు ఆరోపణలు. పడుగు ఆయన సాఫ్ట్‌వేర్‌కు నకలు. తెర మీద కనిపించే తీరూ ఒకటే. అందులో ఉన్న నూట నలభై అంచులూ ఆయన సొత్తు. పదిహేను రోజుల్లో మొత్తం నెట్ నుంచి తీసేయాలి, లేదంటే కోర్టు.

నకలట! దసరా సెలవులు, ఎండాకాలం సెలవులు అన్నీ దీనికే పోశాను. ఒక్క లైను కూడా ఆయన దగ్గర్నుంచి తీసుకోలేదు.

జూన్ 4

ఒక్క లైను కూడా తీసుకోలేదు.

జూన్ 6

చిత్తూరు వెళ్లాను. లాయరు ఢిల్లీబాబు గారు, నాతో చదివిన సుజన వాళ్లన్న. నోటీసు చదువుతున్నంతసేపూ మూలుగుతూనే ఉన్నాడు. నా కేసు అంత ఘోరంగా ఉందేమోనని హడలిపోయాను. పంటి నొప్పట.

"ఇట్ట సూడమ్మా," అన్నాడు. "మా వీధిలో ఇద్దురు మిక్సీలు రిపేరు చేస్తారు. చేసే పని ఒకటైతే ఒకడు దొంగ అయిపోతాడా? ఆయన రాసిందాన్ని చూసి దించినావంటే తప్పు. ఆయన సాఫ్ట్‌వేరు చేసే పనే నీ సొంతంగా రాసుకున్నావంటే ఎవురూ ఏమీ అనలేరు. దించలేదని చూపించగలవా?"

చూపించగలను. 2021 నుంచి ఏ రోజు ఏ లైను రాశానో, ఏ రోజు ఏది తప్పయి కొట్టేశానో అంతా నెట్‌లో తేదీలతో ఉంది. నా తప్పులు లోకమంతా చూడొచ్చు. దొంగకు అన్ని తప్పులు చేసే ఓపిక ఉండదు.

"రెండోది?"

"ఆయన తెర మీదా గళ్లే, నా తెర మీదా గళ్లే. నేతకు గళ్లు కాక గుండ్రాలుంటాయా సార్?"

నవ్వి, వెంటనే దవడ పట్టుకున్నాడు. "బాగుండాది. మూడోది చెప్పు. ఈ అంచులు ఎవురివి?"

"మా నాయన గీసినవి. ముప్పయ్యేళ్లు గ్రాఫు కాగితం మీద చేత్తో గీశాడు. నగరిలో ఎవరిని అడిగినా మునిరామయ్య అంచులనే అంటారు."

"కాగితం ఏమన్నా ఉండాదా?"

"చెదలు తిన్నాయి."

"మరి నీ దగ్గిరికి ఎట్ట వచ్చినాయి?"

నీళ్లు తాగాను. ఇంట్లో ఉన్నాయని చెప్పాను.

జూన్ 7

ఢిల్లీబాబు గారికి నేను చెప్పింది అబద్ధమేం కాదు. ఇంట్లోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ ఇంట్లో ఉంది.

సార్ దగ్గర పని మానేసిన రోజు ఆ ఒక్క ఫోల్డరు తెచ్చుకున్నాను. ప్రోగ్రామ్ తాలూకు ఫైలు ఒక్కటీ ముట్టుకోలేదు. అవి నాయనవి, ఆయనవి ఆయన ఇంటికి తెచ్చుకున్నాను, అంతే. సార్ మా నాయన దగ్గర పని నేర్చుకున్నవాడు. నాయన గీసినవి అప్పుడెప్పుడో చూసుకుని తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని ఉంటాడు. శిష్యుడు కదా, అందులో తప్పేముంది అనుకునేదాన్ని. శిష్యుడు తీసుకుంటే తప్పు లేనప్పుడు కూతురు తీసుకుంటే ఎందుకుంటుంది?

నోటీసులో ఒక మాట ఉంది, అది తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. "నూట నలభై అంచుల్లోనూ ఒకే చోట ఒకే తప్పు కనిపిస్తున్నది. ఇది నకలుకు తిరుగులేని రుజువు."

అది తప్పు కాదు మహానుభావా. గ్రాఫు కాగితంలో ఒక్కో గడి ఒక్కో పోగు లేవడానికి గుర్తు. నాయన అంచు మొత్తం లెక్క ప్రకారం నింపి, చివర్లో ఒక్క గడి కావాలనే తప్పు నింపేవాడు. అచ్చంగా కుదిరిన బట్టకు దిష్టి తగులుతుందని, కట్టుకున్నవాళ్లకు మంచిది కాదని ఆయన నమ్మకం. పసిబిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టినట్టు. కొనేవాళ్లకు కనపడదు. నేసేవాళ్లకు తెలుసు, వాళ్లూ దిద్దరు.

నేను ఆ గడులు దిద్దేసి ఉంటే ఎవరికీ ఏ రుజువూ దొరికేది కాదు. నూట నలభై గడులు, గంట పని. పడుగు పెట్టిన కొత్తలో సేలం నుంచి ఎవరో పొరపాటుందని రాస్తే, "అది ముట్టుకోకండి" అని జవాబిచ్చాను. ఇంజనీరింగ్ చదివిన దాన్ని. దిష్టి గిష్టి నేనేం నమ్మను. కానీ ఆ గడి దిద్దడానికి నాకు చేతులు రాలేదు.

జూన్ 9

నాయనను అడిగాను. సాయంత్రం, మిద్దె మీద బట్టలు తీస్తూ, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"నాయనా, ఆ అంచులు బాలు సార్ నీ దగ్గర ఎప్పుడు తీసుకున్నాడు?"

"ఏ అంచులు?"

"నువ్వు గీసినవి."

"యాడ గుర్తుంటాయి పాపా? అవి చెదలు తినిపోయె గదా."

"తినకముందు ఇచ్చావా?"

"చలిగాలి కొడతాండాది, కిందికి పోదాం పా," అన్నాడు. జూన్ నెలలో తిరుపతిలో చలిగాలి! మెట్లు దిగుతూ రెయిలింగు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

డెబ్బై నాలుగేళ్లు. మరచిపోయి ఉంటాడు.

జూన్ 10

మరచిపోయి ఉంటాడు. 1987లో ఎవరి పెళ్లి చీరకు ఏ అంచు గీశాడో మాత్రం గుర్తుంది.

జూన్ 12

ఏకాంబరకుప్పం నుంచి తాయమ్మ ఫోన్ చేసింది. భర్త పోయాక నాలుగు మగ్గాలు ఒక్కతే నడుపుకుంటోంది. పడుగు వాడటం నేనే కూర్చోబెట్టి నేర్పించాను. మౌస్ పట్టుకోవడానికి మొదట్లో భయపడిన మనిషి, ఇప్పుడు తన కొంగులు తనే గీసుకుంటుంది.

"నిలిపేస్తాండావంటనే? నిజమేనా మోహనమ్మా? బాలు సార్ మనుషులు అందురికీ చెప్తాండారు. మల్లా ఆ డాంగిలు కొనుక్కోవాల్నా నేను? కంప్యూటరుకు అది గుచ్చకపోతే మగ్గమే కదలదు గదా."

నిలిపేయనని చెప్పాను. నావన్నీ నావే, నాయనవన్నీ నాయనవే, కోర్టులో తేలిపోతుందని ధైర్యం చెప్పాను. ఫోన్ పెట్టేశాక నా గొంతు నాకే నచ్చలేదు. మరీ గట్టిగా చెప్పాను.

జూన్ 14

ఢిల్లీబాబు గారు వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పంపించాడు. సార్ వాళ్ల లాయరు ఆయనకు ఇచ్చాడట.

స్టాంపు పేపరు. "నేను గీసిన నూట నలభై అంచుల గ్రాఫు కాగితములను, వాటిపై సర్వహక్కులను, శాశ్వతముగా శ్రీ బాలసుబ్రమణ్యం గారికి నా ఇష్టపూర్వకముగా ఇచ్చివేయుచున్నాను." కింద నాయన సంతకం. అప్పట్లో చేయి వణికేది కాదు. ము అక్షరం కొమ్ము ఎంత చక్కగా తిప్పాడో.

17 మే 2012.

జూన్ 15

నేను సార్ దగ్గర పనిలో చేరింది 21 మే 2012.

నాలుగు రోజులు. ఏదో కాకతాళీయం అయ్యుంటుంది. ఆ నెలలో ఇంకా ఎన్ని జరగలేదు?

సార్ పరీక్ష పెట్టింది మే 14న. ఎనిమిది మందిమి రాశాం. ఏడుగురు అబ్బాయిలు, నేను. మూడు గంటల పేపరు, నేను రెండు గంటల్లో ఇచ్చేశాను. నా జీవితంలో నేను గెలిచిన రోజేదైనా ఉందంటే అదే. అత్తగారింటి నుంచి పెట్టె తెచ్చుకుని ఏడాదిగా నలుగురి మాటలూ పడుతున్న రోజులవి. ఆ పరీక్షతోనే మళ్లీ తలెత్తుకుని వీధిలో నడిచాను. ఈ కాలేజీ ఉద్యోగం, ఈ ఇల్లు, పడుగు, అన్నీ దాని మీద నిలబడ్డవే.

జూన్ 16

ఫోటో పెద్దది చేసి నాయన ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. ఫోను నా చేతికిచ్చాడు.

"అవును పాపా. నేనే ఇచ్చినా."

"ఎందుకు?"

"ఎందుకేంది? నువ్వు వచ్చేసి ఏడాది అయిపోయె. పొద్దస్తమానం గోడకానుకోని కూచోనుంటివి. మీయమ్మ తిండి మానేసె. పరీచ్చకు ఎనిమిది మంది వచ్చినారంటివి, నువ్వు తప్ప అందురూ మొగపిల్లోళ్లే. ఇంట్లో కూచున్న దాన్ని యాడ తీసుకుంటాడు అనుకున్నా. నా దగ్గిర ఇంకేముండాది? మూట కట్టుకోని పోయి ఆయన ముందర పెట్టినా."

"చెదలు తిన్నాయన్నావు."

"నిజం చెప్తే నువ్వు ఆ పనికి పోతావా?"

పోను. ఆయనకు నా సంగతి బాగా తెలుసు.

చెదలు తిన్నాయని చెప్పిన రోజు నేను ఏడ్చాను. ఆయనే నన్ను ఓదార్చాడు. అది తలుచుకునేసరికి ఆపుకోలేకపోయాను. "నా మీద నీకు అంతేనా నాయనా నమ్మకం? నేను రాసింది చూసి ఇస్తాడని ఒక్కరోజు కూడా ఆగలేకపోయావా? నన్ను అమ్ముకోలేక నీ అంచులు అమ్మావా?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అన్నీ అయ్యాక "అన్నం తినుపో పాపా" అన్నాడు.

నేను రాసిన పరీక్షకు విలువ లేదన్నమాట. మూటకు ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు.

జూన్ 17

ఢిల్లీబాబు గారితో మాట్లాడాను. ఇంకా దారి ఉందంటాడు. "కాగితం చదవకుండా సంతకం పెట్టినానని, ఏం రాసుండాదో తెలీదని మీ నాయన కోర్టులో చెప్పాల. పెద్దాయన, చేయి వణుకుతాండాది, జడ్జి నమ్ముతాడు. మూడు నాలుగేండ్లు లాగొచ్చు."

పక్క గదిలోంచి నాయన విన్నాడు. వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"చదివే పెట్టినా," అన్నాడు. "రెండుతూర్లు చదివినా. ఆ మాట నేను చెప్పను పాపా."

రేపటితో పదిహేను రోజులు.

జూన్ 18

నగరి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసులో సార్ ఒక్కడే ఉన్నాడు. మేము పదకొండు మందిమి కూర్చునే హాలు అది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి మూలకు తోశారు. ఆయన జుట్టుకు రంగు వేయడం మానేశాడు. నేను కోపంగా వెళ్లాను గానీ ఆ కుర్చీలు చూశాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"రా మోహనా. కూచో. మీ నాయన బాగుండాడా?"

"మీ నోటీసు అందుకుని బాగున్నాడు."

తల దించుకున్నాడు. "సాఫ్ట్‌వేరు నకలని రాసింది లాయరు. వాళ్లు రాసేటప్పుడు అన్నీ రాస్తారు. నా దాన్ని చూసి నువ్వు దించవని నాకు తెల్దా? నా దాంట్లో సగం రాసిందే నువ్వు. నీది బాగుండాది మోహనా. నా కండ్లతో చూసినా, నా దానికన్నా బాగుండాది. దాన్ని నేనేమీ అనను."

"మరి?"

"అంచులు. నా దగ్గిర ఉండి ఇంక యాడా దొరకనిది అదొక్కటే. మునిరామయ్య అంచులు కావాలని ఇంకా పన్నెండు మంది నా దగ్గిర ఉండారు. అవి గూడా నువ్వు ఊరికే పంచిపెడితే నేనేం పెట్టుకోని బతకాల? నేను దొంగిలించినానా? ఆయన ఇచ్చినాడు, తీసుకున్నా."

నేను రాసిన ప్రోగ్రామ్ నాది. అంచులు మాత్రం నావి కావు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చిన రోజు కూడా కావు. ఇన్నాళ్లూ ఆ రెండూ ఒకటేనని నన్ను నేను నమ్మించుకున్నాను. తీసేస్తానని మాటిచ్చాను. మిగతా రెండు ఆరోపణలూ వెనక్కి తీసుకుంటానని ఆయన మాటిచ్చాడు. లేచి వచ్చేసి ఉంటే సరిపోయేది.

"ఒకటి అడుగుతాను సార్. మా నాయన ఆ కాగితాలు ఇవ్వకపోయుంటే నన్ను తీసుకునేవాళ్లేనా?"

ఆయన నావైపు వింతగా చూశాడు. "అదేం మాట? ఆయన వచ్చేటప్పటికే నీ పేరు రాసిపెట్టుకోని ఉండా. నీ పేపరు చూసినాక ఇంకొకరిని ఎట్ట తీసుకుంటా?"

"ఆ మాట ఆయనకు చెప్పలేదా?"

"చెబ్దామనే నోరు తెరిచినా. అంతలోకి ఆయన మూట విప్పినాడు." కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అవి చూసినాక చెప్పబుద్ధి కాలేదు మోహనా."

జూన్ 19

నిన్న బస్సులో పుత్తూరు దాటేదాకా సంతోషంగా ఉన్నాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉన్నాను. ఆ ఉద్యోగం నాదే. రెండు గంటల్లో రాసిన నా పేపరుదే. కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

పుత్తూరు దాటాక అర్థమైంది. నాయన ముప్పయ్యేళ్ల పని ఊరికే పోయింది. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని ఉంటే చాలు, అన్నీ ఆయన దగ్గరే ఉండేవి. ఆయన పేరుతోనే పడుగులో ఉండేవి. కన్నీళ్లు ఆగలేదు. పక్కన కూర్చున్నావిడ కొండకు వెళ్తున్నట్టుంది, మొక్కుబడి ఏదో ఉందనుకుందేమో, ఏమీ అడగకుండా ఒక అరటిపండు ఇచ్చింది.

రాత్రి ఇంటికొచ్చి నాయనకు అన్నం వడ్డించాను.

జూన్ 20

ఉదయం తాయమ్మకు ఫోన్ చేశాను. పడుగు ఎక్కడికీ పోదు, అంచులు మాత్రం పోతాయి, నీ కంప్యూటర్‌లో ఉన్నవి కూడా తీసెయ్యమని చెప్పాను. "పోతే పోయినాయిలే, కొత్తవి గీసుకుంటాం," అంది. తర్వాత, "పెద్దాయన ఎట్ట ఉండాడు?" అని అడిగింది.

నాయన స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఒక్కొక్కటీ చూపించి తీసెయ్యమన్నాడు. మొదటి పది పన్నెండు అంచులకు కథలు చెప్పాడు. ఇది కుప్పమ్మత్త కూతురి సీమంతానికి. ఇది వానలు పడి మగ్గం గుంటలో నీళ్లు చేరిన ఏడు. ఇరవై దాటాక కథలు ఆపేశాడు. ముప్పై ఒకటో అంచు దగ్గర నా చేతి మీద చెయ్యేసి ఆపాడు.

"బాలు దగ్గిరికి పోయినావు గదా మొన్న."

ఎలా తెలిసిందో. చెప్పులకంటిన దుమ్ము చూశాడో, నా మొహమే చూశాడో.

"పోయాను."

"ఏమన్నాడు? నేను మూట ఇచ్చిన పొద్దుటి సంగతి ఏమన్నా చెప్పినాడా?"

ఆయన తెరవైపే చూస్తున్నాడు. నా చేతి మీంచి చేయి తీయలేదు. ఈ మాట పదమూడేళ్లుగా ఎవరినైనా అడగాలనుకుని అడగలేకపోయాడని అప్పుడు తెలిసింది. నిజం నా నోటి చివర ఉంది. అది నాకు కావలసిన నిజం. నా గెలుపు అందులోనే ఉంది.

"చెప్పాడు నాయనా. నువ్వు ఆ కాగితాలు ఇవ్వకపోయుంటే నన్ను తీసుకునేవాణ్ణి కాదన్నాడు. ఆ ఏడుగురిలో ఎవరో ఒకరికి ఇచ్చేసేవాడట."

"అట్టన్నాడా?"

"అట్టే అన్నాడు."

చేయి తీసుకుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంత పెద్ద ఊపిరి వదిలాడో, ఎన్నాళ్లదో.

"అయితే దండగ పోలేదు పాపా. ఏమోనని ఉండె నాకు. ఇంత చదువు చదివినదానివి, ఊరికే కూడా వచ్చుండునేమోనని. మొన్న నువ్వు అరిచినాక మరీ ఎక్కువైపోయె." కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంక చూపించొద్దులే. అన్నీ ఒక్కసారిగా తీసెయ్."

తీసేశాను. అంతా అయిదు సెకన్లు కూడా పట్టలేదు.

జూన్ 22

నేను అరిచినాక నాయన మళ్లీ ఇవాళే అరుగు మీద కూర్చున్నాడు. పక్కింటి లోకేశ్వరి అక్కతో మాట్లాడుతున్నాడు. నేను వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ విన్నాను. నా ఉద్యోగం సంగతి చెబుతున్నాడు. ఎనిమిది మందిలో ఆడపిల్లకు రాదని అందరూ అన్నారట, తను మూట కట్టుకుని వెళ్లి సార్ ముందు పెట్టాడట, నాలుగో రోజుకే పిలుపు వచ్చిందట. మధ్యలో రెండుసార్లు "నేనే గదా ఇప్పిచ్చింది" అన్నాడు. గొంతు ఖంగున మోగింది.

నేను మంచినీళ్లు ఇవ్వడానికి బయటికి వెళ్తే లోకేశ్వరి అక్క నవ్వుతూ నావైపు తిరిగింది.

"ఏం మోహనా, నీ చదువు చూసి ఇచ్చినారనుకుంటి ఇన్నాళ్లూ. మీ నాయన చెప్పేది నిజమేనా?"

నాయన కూడా నావైపే చూశాడు.

"నిజమే అక్కా," అన్నాను.